తాగుడు రక్తంలో ఉందా, మనిషి ఇష్టమా? ఫ్రీ విల్, బయాస్ చాప్టర్ చదువుతుంటే వచ్చిన డౌటు

కందుకూరు_చదువులు:

అందరికీ నమస్తే. నేను డిస్టెన్స్‌లో ఎమ్మే సైకాలజీ చేస్తున్నా, మాది కందుకూరు పక్కన పల్లె. ఇప్పుడు చదివేది ఇష్యూస్ అండ్ డిబేట్స్ యూనిట్, అంటే మనిషికి ఫ్రీ విల్, అంటే తన ఇష్టప్రకారం ఎంచుకునే స్వేచ్ఛ, ఉందా లేక అన్నీ ముందే ఖాయమైపోయి ఉంటాయా, పుట్టుకా పెంపకమా, రీసెర్చిలో బయాస్ అంటే పక్షపాతం, అందులో జెండర్ బయాస్ ఏంది కల్చర్ బయాస్ ఏంది, ఇట్టాంటివన్నీ. పరీక్ష వరకైతే ఇబ్బంది లేదు, అంతా ముందే ఖాయం అనేది హార్డ్ డిటర్మినిజం, కారణాలున్నా బాధ్యత కూడా ఉంటదనేది సాఫ్ట్ డిటర్మినిజం అని రాసుకుంటా పోవచ్చు. కానీ అదే గొడవ మా ఇంట్లో రోజూ నడుస్తా ఉంది, అందుకని ఇక్కడ అడుగుతున్నా.

మా బాబాయి కొడుకు, నాకు అన్న వరస, బాగా తాగుడికి పడిపోయాడు. ముందు కూడా తాగేవాడు గానీ రొయ్యల గుంటలకి వైట్ స్పాట్ జబ్బు కొట్టి పెట్టిన డబ్బంతా పోయినాక పొద్దున లేస్తానే మొదలుపెడతన్నాడు. మా నాన్నది ఒకటే మాట, మానుకోవాలనుకుంటే ఇవాళే మానుకోవచ్చు, నా స్నేహితుడు ఒక్కరోజులో మానేశాడు, వీడికి బుద్ధి లేదు అని. మా మేనత్తది ఇంకో మాట, వాడేం చేస్తాడు పాపం, మా నాయనా అంతే, అది రక్తంలో ఉంది అని. ఆ నాయన మా నాన్నకి కూడా నాయనే కదా, రక్తంలో ఉంటే నాన్నకెందుకు రాలా, నాకెందుకు రాలా అంటే, ఆడపిల్లవి నువ్వు గమ్మునుండు అంటారు. ఇదంతా పడలేక మా వదిన పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది, దాని మీద ఇంకో పంచాయితీ.

పుస్తకంలో చూస్తే లిబెట్ ప్రయోగం అని ఉంది, మనం అనుకునే ముందే మెదడు డిసైడ్ చేసేస్తదంట. అది నిజమైతే మా నాన్న మాట తప్పు. ఇంకో పేజీ తిప్పితే ఈ రీసెర్చి ఎక్కువ శాతం అమెరికా వాళ్ళ మీద, అందులోనూ చానా వరకు మగవాళ్ళ మీద చేసింది, అందులోనే బయాస్ ఉంది అని రాశారు. అట్టయితే అది మా అన్నకి వర్తిస్తదా? ఎవరి తప్పూ లేదనాలా, వాడి తప్పే అనాలా? చదువుకున్నోళ్ళు, ఇట్టాంటి కేసులు దగ్గర్నుంచి చూసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


ఒంగోలు_మాస్టారు:

అమ్మా, నేను డిగ్రీ పిల్లలకి ఈ సబ్జెక్టు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు లిబెట్ సంగతి, ఎందుకంటే దాన్ని సగం చెప్పి వదిలేసేవాళ్ళే ఎక్కువ. 1983లో బెంజమిన్ లిబెట్ చేసిందేంటంటే, మనిషిని కూర్చోబెట్టి తలకి ఎలక్ట్రోడ్లు, చేతి కండకి ఇంకోటి అంటించి, ఎదురుగా గడియారం లాంటి తెర పెట్టాడు, అందులో ఒక చుక్క 2.56 సెకన్లకి ఒక చుట్టు తిరుగుతూ ఉంటుంది. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మణికట్టు కదుపు, కదపాలనిపించిన క్షణాన ఆ చుక్క ఎక్కడుందో చూసి చెప్పు, అంతే పని. చేయి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో ఒక విద్యుత్ సంకేతం లేవడం మొదలైంది, ఇప్పుడు అనిపించింది అని మనిషి చెప్పింది మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. లిబెట్ మాత్రం ఫ్రీ విల్ లేదని తేల్చలేదు, కోరిక తెలిశాక చేయి కదిలేలోపు దాన్ని ఆపేసే వ్యవధి మనిషికి ఉందన్నాడు. 2012లో ఆరన్ షుర్గర్, ఆయనతో పనిచేసినవాళ్ళు అదే సంకేతాన్ని ఇంకోలా చదివారు: మెదడులో ఎప్పుడూ ఏవో హెచ్చుతగ్గులు నడుస్తూనే ఉంటాయి, ఏ కారణమూ లేని పని చేయమన్నప్పుడు ఆ హెచ్చు ఒక గీత దాటగానే చేయి కదులుతుంది, మనం చేయి కదిలిన క్షణం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఎన్నోసార్ల సగటు తీస్తున్నాం కాబట్టి అది ముందే తీసుకున్న నిర్ణయంలాగా కనపడుతోంది అని. మధ్యలో 2008లో మెదడు స్కానర్ పెట్టి చేసిన ప్రయోగం ఒకటుంది, ఎడమ బటన్ నొక్కుతాడా కుడి బటన్ నొక్కుతాడా అని 7 నుంచి 10 సెకన్ల ముందే చెప్పేశారని పేపర్లన్నీ రాశాయి, దాని కచ్చితత్వం 60 శాతం దగ్గర, చూడకుండా గుడ్డిగా చెప్పినా 50 వస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టినా నాకు ఒక పెద్ద అభ్యంతరం ఉంది. మణికట్టు కదిపితే ఏమీ పోదు, ఏమీ రాదు. సాయంత్రం బెల్టు షాపు ముందు బండి ఆపాలా, ఇంటికి పోవాలా అనేది అట్లాంటిది కాదు, దాంట్లో అప్పు ఉంది, సిగ్గు ఉంది, పిల్లలున్నారు, ఒంట్లో వణుకుంది. లిబెట్ గడియారం ముందు కూర్చోబెట్టి కొలిచినదాన్ని తీసుకొచ్చి దీనికి తీర్పుగా చెప్పకూడదు.

ఇక మీ నాన్నగారూ మీ అత్తా. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారని నువ్వు అనుకుంటున్నావు గానీ నాకట్లా కనపడట్లేదమ్మా. బుద్ధి లేదు అన్నా, రక్తంలో ఉంది అన్నా, ఇద్దరూ కారణాన్ని ఆ మనిషి లోపలే వెతుకుతున్నారు. రొయ్యల గుంట గురించి నువ్వు ఒక్క ముక్క రాశావు, వాళ్ళిద్దరూ దాని ఊసే ఎత్తలేదు. ఎదుటివాడి పనికి వాడి స్వభావమే కారణమనుకుని చుట్టూ ఉన్న పరిస్థితిని వదిలేయడాన్ని 1977లో లీ రాస్ ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అన్నాడు. నీ యూనిట్‌లో బయాస్ ఒక చాప్టరు, ఫ్రీ విల్ ఇంకో చాప్టరుగా ఉంటాయి, బతుకులో మాత్రం రెండూ ఒకటే. ఎవరి పనిని ఇష్టం కింద రాస్తాం, ఎవరి పనిని గతి కింద రాస్తాం అనే దగ్గరే మన పక్షపాతమంతా ఉంది.

మన దక్షిణాదిలోనే దీని మీద మంచి పని జరిగింది. జోన్ మిల్లర్ అని ఒకావిడ 1984లో ప్రచురించింది, షికాగో వాళ్ళనీ మైసూరు వాళ్ళనీ పోల్చి. అందులో మైసూరు వాళ్ళు చెప్పిన ఒక సంఘటన ఉంది: ఒక లాయరు మోటార్ సైకిల్ మీద పోతుంటే యాక్సిడెంట్ అయి వెనక కూర్చున్నతనికి దెబ్బ తగిలింది, లాయరు అతన్ని ఆసుపత్రిలో దింపి డాక్టరుతో కూడా మాట్లాడకుండా కోర్టుకి పోయాడు, అతను చనిపోయాడు. ఎందుకట్లా చేశాడు అంటే అమెరికా వాళ్ళు ఎక్కువగా వాడి మనస్తత్వం వైపు వేలు చూపించారు, బాధ్యత లేనివాడు అని. మైసూరు వాళ్ళు ఎక్కువగా పరిస్థితి చెప్పారు, కోర్టులో ఉండాల్సిన డ్యూటీ, దెబ్బ అంత పెద్దదిగా కనపడి ఉండకపోవచ్చు అని. ఇంకో సంగతి, చిన్నపిల్లల్లో ఈ తేడా పెద్దగా లేదు, వయసు పెరిగే కొద్దీ పెరిగింది. అంటే ఇలా చూడటం పెంపకంతో వచ్చేదే. మనుషులందరి స్వభావం అని పుస్తకాల్లో రాసుకున్నది చాలా వరకు ఒక దేశపు స్వభావం అని దీన్నిబట్టి తెలుస్తుంది. 2008లో ఆర్నెట్ అనే ఆయన లెక్క తీస్తే అమెరికా సైకాలజీ పత్రికల్లోని శాంపిళ్ళలో, అంటే పరిశోధనకి తీసుకున్న మనుషుల్లో, 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతం ఉన్న దేశాలవాళ్ళే. నీకు వర్తిస్తుందా లేదా అన్నదానికి నా జవాబు, ఒక్కొక్కదాన్ని విడిగా చూడాలి. మెదడు మీద ఆల్కహాల్ చేసే పని కందుకూరులోనూ షికాగోలోనూ ఒకటే, తాగినవాడి గురించి ఇంట్లోవాళ్ళు చెప్పుకునే కారణాలు మాత్రం ఒకటి కావు.

పరిస్థితి ఎంత బలమైనదో చూడాలంటే లీ రాబిన్స్ పని చదువు. వియత్నాంలో ఉన్నప్పుడు అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు మంది హెరాయిన్‌కి బానిసలయ్యారు. ఇంటికి తిరిగొచ్చాక మొదటి ఏడాదిలో వాళ్ళలో మళ్ళీ బానిసలైంది 5 శాతం దగ్గరే. అదే రక్తం, అదే బుద్ధి, మారింది చోటు.


కావలి_కాలవగట్టు:

మాస్టారు చెప్పిందానికి నాదొక ముక్క. రక్తంలో ఉంది అనే మాట వింటే మా కావలోళ్ళకి వేరే సంగతి గుర్తొస్తది.

బ్రిటిషోళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని తెచ్చారు, 1911 చట్టంతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. కొన్ని కులాల్లో పుడితే చాలు దొంగ కిందే లెక్క, హాజరు వేయించుకోవాల, పాస్ లేకుండా ఊరు దాటితే అదే నేరం. ఎరుకలోళ్ళని అట్టా పట్టుకొచ్చి పెట్టిన సెటిల్మెంట్ ఒకటి మా కావలిలోనే ఉండేది, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్ళు నడిపేవాళ్ళు. చీరాల దాటినాక స్టూవర్టుపురం కూడా అట్టా పుట్టిన ఊరే, అది సాల్వేషన్ ఆర్మీ వాళ్ళది. ఆ జనం అంతకుముందు ఏం చేసేవాళ్ళంటే, కోస్తా నుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని పై ఊళ్ళకి తీసకపోయి అమ్మేవాళ్ళు, ధాన్యం తెచ్చేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, తర్వాత రైలు, ఈ రెండింటితో ఆ యాపారం పోయింది. తిండి పోయినోళ్ళని చూసి ఆఫీసర్లు రాసుకున్నది ఏంది, వీళ్ళకి దొంగతనం పుట్టకతోనే వస్తది అని. 1952లో ఆ చట్టం తీసేశారు గానీ మాట పోలేదు, మొన్న 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళ మీద తీర్పు ఇస్తే గానీ ఈ కులాలోళ్ళ గురించి వాటిల్లో ఉన్న రాతలు చెల్లవని తేలలా. నేర్చుకునేది ఏందంటే, బయలాజికల్ డిటర్మినిజం, అంటే పుట్టుకే మనిషి గతిని తేలుస్తదనే మాట, మీ పుస్తకంలో ఒక హెడ్డింగు, ఇక్కడ అది ముళ్ళకంచె. అందుకనే ఒక రీసెర్చి బయటకొస్తే దానివల్ల ఎవరి మీద ముద్ర పడతది అని కూడా ఆ యూనిట్‌లోనే సోషల్ సెన్సిటివిటీ కింద చదవమంటారు, దాన్ని దాటేసి పోబాక.

అట్టని జీన్స్‌కి ఏం పాత్ర లేదని నేను చెప్పట్లా. కవలల మీద, దత్తత పిల్లల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపితే తాగుడు జబ్బులో వారసత్వం వాటా సుమారు సగం అని వస్తది. ఆ సగం అనే మాటని జనం తప్పుగా పట్టుకుంటుండారు. మీ అన్న తాగే సీసాలో సగం మీ తాత పోశాడని దానర్థం కాదు తల్లీ. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనపడే తేడాలో ఎంత భాగం జీన్స్ తేడా వల్ల అని చెప్పే లెక్క అది, ఒక్క మనిషి గురించి అది ఏమీ చెప్పదు. సరుకు దొరకటం, రేటు, ఊరి కట్టుబాటు, ఇవి మారితే ఆ లెక్కే మారిపోద్ది. మీ తాత మనవళ్ళలో ఒకరు తాగుతుండారు, ఒకరు ఎమ్మే చదువుతుండారు, మీ అత్తకి అది చూపించు చాలు.


సింగరాయకొండ_సిస్టర్:

నేను నర్సుని, తాగుడు మానిపించే డీఅడిక్షన్ వార్డులో చేశాను. పెద్దవాళ్ళిద్దరూ చాలా రాశారు, వాళ్ళు వదిలేసింది ఒకటుంది, మీ వదిన.

మీ పోస్టులో ఆమెది ఒక్క వాక్యం. పంచాయితీ అన్నారు కదా, ఆ పంచాయితీలో ఏమంటున్నారో నేను చెప్పగలను, వార్డు బయట బెంచీ మీద ఎన్నో కుటుంబాల దగ్గర విన్నదే: మొగుణ్ణి వదిలేసి పోయింది, పొగరు, తన సుఖం చూసుకుంది. అతను తాగితే రక్తం, నష్టం, స్నేహాలు, కాలం బాలేదు, ఇన్ని కారణాలు. ఆమె వెళ్ళిపోతే కారణం ఒక్కటే, ఆమె ఇష్టం. మగవాడికి డిటర్మినిజం, ఆడదానికి ఫ్రీ విల్, అదీ నిందించడానికి పనికొచ్చేంత వరకే. మాస్టారు చెప్పిన ఇష్టం, గతి లెక్క ఇక్కడ ఇంకా బాగా కనపడుతుంది.

సైకాలజీ కూడా ఇదే చేసింది చాలాకాలం. లారెన్స్ కోల్‌బర్గ్ నైతిక వికాసం దశలు అని మీరు చదివే ఉంటారు, ఆయన 1958లో ఆ థియరీ కట్టింది షికాగో మగపిల్లల ఇంటర్వ్యూలతోనే, తర్వాత అదే కొలతతో ఆడవాళ్ళని కొలిచారు. 1982లో కారల్ గిల్లిగన్ లేచి, న్యాయం ఒక్కటే నీతి కాదు, ఒకర్ని చూసుకోవడం, వదిలేయకుండా ఉండటం కూడా నీతే అని రాసింది. ఆమె చెప్పిన ఆడా మగా తేడా తర్వాతి పరిశోధనల్లో అంత పెద్దగా కనపడలేదు, అది కూడా నోట్స్‌లో రాసుకోండి, లేకపోతే ఒక బయాస్ తీసేసి ఇంకోటి పెట్టినట్టవుతుంది. టెన్షన్ వస్తే మనిషి తిరగబడతాడు లేదా పారిపోతాడు, ఫైట్ ఆర్ ఫ్లైట్, అని పాఠం చెప్తారు, షెల్లీ టేలర్ వాళ్ళు 2000లో చూస్తే 1995కి ముందు ఆ రకం పరిశోధనల్లో ఆడవాళ్ళు 17 శాతమే. టెన్షన్‌లో పిల్లల్ని దగ్గరికి తీసుకుని నలుగురిలోకి పోవడం అనేది కూడా ఒక పద్ధతని ఆమె ప్రతిపాదించింది. మీ వదిన పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి పోవడం పొగరా, ఇదా, మీ ఇంట్లో అడిగి చూడండి.

పరిస్థితి గురించి ఇంత మాట్లాడుకుంటూ నెల్లూరు జిల్లాలో దూబగుంటని మర్చిపోతే ఎలా. కలిగిరి దగ్గర దూబగుంటలో అక్షరదీపం రాత్రి బడికి పోయే ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ వాళ్ళు, 1992లో ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళు కూర్చుని మా మొగుళ్ళకి ఫ్రీ విల్ ఉందా, తాత రక్తమా అని తేల్చుకోలేదు. కొట్టు ఉంటే తాగుతున్నాడు, కూలి డబ్బు అక్కడే పోతోంది, కాబట్టి కొట్టు ఉండకూడదు. జిల్లా అంతా లేచింది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు, 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా బంద్, 1995లో మొత్తం మద్యనిషేధం. 1997లో మద్యం మళ్ళీ తెరిచారు, అది వేరే బాధ. కానీ వాళ్ళు చేసింది ఎవరి థియరీలో పెడతారు? ఎదుటివాళ్ళ పరిస్థితిని మార్చారు, అదే సమయంలో వాళ్ళు చేసింది వాళ్ళ ఇష్టంతో, వాళ్ళ తెగువతో చేశారు. అంతవరకు వాళ్ళని ఎవరూ నీ ఇష్టం ఏంటని అడిగినవాళ్ళే లేరు. మాస్టారుగారూ, క్లాసులో ఫ్రీ విల్ చెప్పేటప్పుడు మణికట్టు గడియారం పక్కన ఇది కూడా చెప్పాలని నా కోరిక.


నెల్లూరు_వకీలు:

అందరూ పరిస్థితి, పరిస్థితి అంటున్నారు గానీ నాకు భయమేస్తుంది. రేపు ప్రతివాడూ నా మెదడు చేయించింది, నా పరిస్థితి చేయించింది అంటే పరిస్థితేంటి? ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడు 22వ సెక్షన్, పాత ఐపీసీ 84, మతిస్థిమితం లేక తాను చేసేది ఏంటో గానీ, అది తప్పని గానీ తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికి మాత్రమే మినహాయింపు. 23, 24 సెక్షన్లు మత్తు గురించి, తెలియకుండానో బలవంతంగానో తాగించితే ఒక లెక్క, తనంతట తాను తాగితే ఇంకో లెక్క. పూటుగా తాగి పెళ్ళాన్ని కొట్టి నాకు తెలియలేదు అంటే చెల్లదు, చెల్లకూడదు కూడా. ఫ్రీ విల్ లేదని చదివిస్తే జనం ఎక్కువ మోసం చేశారని 2008లో ప్రయోగం కూడా ఉంది కదా మాస్టారూ. అయితే ఒకటి ఒప్పుకోవాలి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితుల్ని మానసిక అనారోగ్యం కిందే లెక్కేసింది, అంటే చట్టం దృష్టిలో ఆ మనిషి జబ్బు మనిషి కూడా, బాధ్యత ఉన్న మనిషి కూడా.


ఒంగోలు_మాస్టారు:

వకీలుగారూ, 2008 నాటిది వోస్, స్కూలర్ ప్రయోగం, తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. 2015లో 100 సైకాలజీ అధ్యయనాల్ని తిరిగి చేసిన పెద్ద ప్రయత్నంలో సుమారు 36 శాతమే మళ్ళీ అదే ఫలితం ఇచ్చాయి, కాబట్టి ఈ సబ్జెక్టులో ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని ఏదీ తేల్చకూడదు, ఇది నేను లిబెట్‌కి కూడా వర్తింపజేస్తాను. మీ ఆఖరి వాక్యంతో మాత్రం నాకు పేచీ లేదు. 1884లోనే విలియం జేమ్స్ సాఫ్ట్ డిటర్మినిజం అనే మాట వాడింది కారణాలూ బాధ్యతా రెండూ కలిసి ఉంటాయనే వాళ్ళ గురించే, ఆయనకి అది నచ్చలేదు, తప్పించుకునే దారి అన్నాడు. నాకైతే రోజువారీ బతుక్కి అంతకంటే దగ్గరగా ఉన్నది కనపడలేదు.


బారాషహీద్_వీధి:

నాన్నగారి స్నేహితుడు ఒక్కరోజులో మానేశాడన్న మాట మీద ఎవరూ రాయలేదు, నేను రాస్తా. మా ఇంటి దగ్గర స్వర్ణాల చెరువులో ఏటా రొట్టెల పండగ జరుగుద్ది, కోరిక తీరినోళ్ళు వచ్చి రొట్టె పంచుతారు, కోరిక ఉన్నోళ్ళు తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, పిల్లల రొట్టె. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తా, మా ఇంట్లోవాళ్ళూ పోతారు. కానీ చెరువు గట్టు మీద రొట్టె ఇచ్చే చేతులన్నీ కోరిక తీరినోళ్ళవే, తీరనోళ్ళు ఎంతమంది ఆ ఏడు ఇంటి దగ్గరే ఉండిపోయారో గట్టు మీద నిలబడినోడికి తెలవదు. తాగుడు మానేసినోళ్ళ కథలూ అంతే. మానేసినాయన పదిమందికి చెప్పుకుంటాడు, నాలుగుసార్లు మానాలని చూసి మళ్ళీ పడినాయన ఎవరికీ చెప్పడు. మీ నాన్న చూసిన శాంపిల్‌లో గెలిచినోళ్ళే ఉన్నారు, దాన్ని చూసి అందరికీ చాతనవుద్ది అనుకుంటున్నారు. అమెరికా కాలేజీ పిల్లల్ని చూసి మనుషులంతా ఇంతే అనటం కూడా ఇట్టాంటిదే.


కందుకూరు_చదువులు:

అందరికీ చాలా థాంక్స్, నిన్న రాత్రి మాస్టారు రాసింది, సిస్టర్ రాసింది నాన్నకి చదివి వినిపించా. వదిన సంగతి దగ్గర మా అమ్మ లేచొచ్చి కూర్చుంది. నాన్న ఏం మాట్లాడలేదు గానీ ఆసుపత్రికి తీసకపోదాంలే అన్నాడు. ఇప్పుడు కొత్త సమస్య, మా పిన్ని ఎవరి దగ్గరో తాగుడు మానిపించే బిళ్ళలు తెప్పించింది, వాడు ఆసుపత్రికి రాడు, వాడికి చెప్తే మింగడు, తెలియకుండా సాంబార్లో కలిపి పెడదాం అంటంది. మానుకునే శక్తి వాడికి లేనప్పుడు వాడి ఇష్టం అడగాల్సిన పనేముంది అని ఆమె వాదన. సిస్టర్, ఇది మంచిదేనా?


సింగరాయకొండ_సిస్టర్:

వద్దు తల్లీ, ఈ మాట పిన్నికి ఈ పూటే చెప్పండి. అవి డైసల్ఫిరామ్ బిళ్ళలైతే, అది ఆల్కహాల్ ఒంట్లో అరిగే దారిని మధ్యలో ఆపేస్తుంది, అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోతుంది. మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ప్రాణం పోయే దాకా కూడా రావచ్చు. తెలిసి వేసుకున్నవాడు తాగితే ఇలా అవుతుందని భయపడి ఆగుతాడు, ఆ మందు పనిచేసేదే ఆ తెలివిడి మీద. తెలియనివాడు మామూలుగా తాగేసి పడిపోతాడు. అందుకే డాక్టర్లు మనిషికి వివరంగా చెప్పి, ఒప్పించి, లివర్ టెస్టులు చూసి రాస్తారు. మానుకునే శక్తి తగ్గింది నిజమే, తన ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కు తగ్గలేదు.

నాన్నగారికి కూడా ఒకటి. పొద్దున్నే తాగే స్థితికి వచ్చినవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ఇవాళ్టి నుంచి మానెయ్ అనకూడదు. ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, తర్వాత ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనపడటం, ఎవరో పిలుస్తున్నట్టు వినపడటం, మనిషి అయోమయంలో పడిపోవడం, దాన్ని అశ్రద్ధ చేస్తే చనిపోతారు. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో నెమ్మదిగా దింపుతారు.

రానంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, అన్న మాట్లాడకపోయినా ఇంట్లోవాళ్ళు మాట్లాడొచ్చు. వదినకి కూడా ఆ నంబరు ఇవ్వండి, ఆమె కోసం, అన్నని తీసుకురావడం కోసం కాదు. అన్నని అడిగేటప్పుడు తాగుడు మానతావా అని అడగొద్దు, చేతులు వణకడం తగ్గడానికి, నిద్ర పట్టడానికి డాక్టరు దగ్గరికి పోదామా అనడగండి, మా వార్డుకి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ మాటకే బయల్దేరారు. వచ్చేటప్పుడు పిన్ని తెప్పించిన బిళ్ళల అట్ట, పాత మందుల చీటీలు, ఆఖరిసారి తాగిన టైము రాసుకుని తీసుకురండి, ఓపీలో డాక్టరు మొదట అడిగేది అదే.